చిన్నాయన బండి దగ్గు

మా చిన్నతనంలో, ఉదయగిరిలో మా ఇంటి వసారాలో ఒక మోటారు సైకిల్ ఉండేది... దాన్ని నడిపే మనిషి లేడు. రోజూ పొద్దున్నే మా అవ్వ తన పాత చీర ముక్కతో దాన్ని తుడిచేది.

అది మా చిన్నాయనది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్ళు వేలం వేస్తే మద్రాసులో కొని, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చాడట. సైలెన్సర్‌కు చిల్లి పడితే కమ్మరి ఒక రేకు ముక్క అతికించాడు. అప్పటి నుంచి ఆ బండి డబడబమంటూ నడుమ నడుమ దగ్గేది. వీధి మొదట్లో ఆ దగ్గు వినగానే అవ్వ కంచం పెట్టేసేది.

నాకు ఏడేళ్లప్పుడు చిన్నాయన విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. నెల్లూరు నుంచి మందు వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఏడాది తర్వాత ఆత్మకూరు నుంచి ఏసోబు డ్రెస్సర్ మా ఇంటికి వచ్చాడు. పల్లెలు తిరిగి కట్లు కట్టి మందులిచ్చే ఆయన. ఆయనదీ అదే రకం బండి, మూలపడింది. విడిభాగాల కోసం మద్రాసు దాకా పోయినా దొరకలేదట. మా బండిలోవి విప్పి ఇమ్మని నాయనను అడిగాడు. అవ్వ, "నా బిడ్డ బండిని కోడిని కోసినట్టు ముక్కలు కోస్తావా? పో అయ్యా పో" అని లేచింది.

డ్రెస్సర్ కదల్లేదు.

"పోయిన వారం సైకిల్ తొక్కుకుంటా ఒక కాన్పుకు పోయినానమ్మా. నేను పోయేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు" అన్నాడు.

అవ్వ లోపలికి పోయి చిన్నాయన స్పానర్ల సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తీసుకో. అయితే తీసినచోట బోసిగా ఉండకూడదు. నీ పాతది బిగించి పో" అంది.

అలా మొదలైంది. ఆయన చెడిపోయిన భాగమొకటి సంచిలో వేసుకుని బస్సులో వచ్చేవాడు. మంచిది విప్పుకుని, చెడ్డది బిగించి పోయేవాడు. రెండూ ఒకే రకం అయినా ఆయన బండి ఒక ఏడాది ముందు తయారైంది. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో చక్కగా కూర్చుంది. కార్బొరేటరూ కూర్చుంది. గొలుసు పళ్ళచక్రం మాత్రం ససేమిరా అంది, ఆకురాయితో రుద్ది రుద్ది దారికి తెచ్చుకున్నాడు.

కిక్ రాడ్డు దగ్గర చిక్కొచ్చింది. ఆయనది ఎక్కడో విరిగి పడిపోయింది, బదులు పెట్టడానికి ఏమీ లేదు. అవ్వ ఊరుకుంటుందా? మా వీధి చివర గరిటెలు చెక్కే సాయిబు చేత నర్ది కర్రతో అచ్చం అలాంటిదే చెక్కించి బిగింపజేసింది... చివరికి ఆ రేకు అతికిన సైలెన్సర్ కూడా ఆయన బండికి పోయింది. మా వసారాలో తుప్పు బండి మిగిలింది. అవ్వ దాన్నీ అలాగే తుడిచేది.

ఆయన బండి లేచి నడిచిన రోజు, అవ్వకు చూపించాలని ముచ్చటపడి డ్రెస్సర్ నేరుగా మా ఇంటికే వచ్చాడు. అప్పటికి అవ్వ కళ్ళకు పొరలు కమ్మాయి. వీధి మొదట్లో ఆ దగ్గు వినపడగానే అవ్వ చేతిలో చేట పడేసి పరిగెత్తింది.

"ఒరే చిన్నోడా, వచ్చినావా నాయనా!"

హ్యాండిల్ పట్టుకుంది... ఆయన ముఖం తడిమింది. అర్థమయ్యాక అక్కడే దుమ్ములో కూలబడి ఏడ్చింది. డ్రెస్సర్ కూడా ఏడ్చాడు.

ఆ రోజు నుంచి ఆయన ఎప్పుడు మా వీధిన వచ్చినా, వీధి మొదట్లో సత్రం దగ్గరే ఇంజను ఆపేసేవాడు. అంత బరువు బండిని ఎండలో చెమటలు కక్కుతూ మా ఇల్లు దాటేదాకా తోసుకుంటూ పోయేవాడు. పెద్దామె మళ్ళీ బాధపడకూడదని. "అవ్వకు చెప్పబాకు" అని నాయన నాకు గట్టిగా చెప్పాడు.

అవ్వ అరుగు మీదే కూర్చుని ఉండేది. మూడు బారల దూరంలో తన బిడ్డ బండి పోతున్నా ఆమెకు తెలిసేది కాదు.

కొన్ని నెలలకు నన్ను అడిగింది.

"పాపా, డ్రెస్సరయ్య బండి చప్పుడే లేదు. చెడిపోయిందా ఏంది?"

నేను భయంతో, "అమ్మేసినాడంట అవ్వా" అన్నాను.

"పోనీలే..." అంది. కాసేపాగి, "ఏడ్చినా గానీ, ఆ పూట వాడు ఇంటికొచ్చినట్టే ఉన్నిందే" అంది.

మర్నాటి నుంచి అరుగు మీదకు రాలేదు. ఆ చలికాలంలోనే పోయింది.

పరామర్శకు వచ్చిన డ్రెస్సర్‌కు నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పుంటే రోజూ ఈ వాకిట్లో తిప్పేవాణ్ణి గదమ్మా..." అన్నాడు. పోతూ పోతూ మా ఇంటి ముందే కిక్ కొట్టాడు. అదే డబడబ, నడుమ అదే దగ్గు. వీధంతా విన్నది. అవ్వ ఒక్కతే లేదు.

ఇప్పుడు మా మనవరాలు ఒక పాత బండి బాగుచేస్తోంది. ఏ భాగం దేనికి సరిపోతుందో ఫోన్‌లో చూసుకుంటుంది, ఆ భాగం నాలుగు రోజుల్లో గుమ్మంలోకి వచ్చేస్తుంది. మనవరాలు తొలిసారి కిక్ కొట్టినప్పుడు నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. నాకు డెబ్బై ఏళ్లు దాటినా అవ్వకు చెప్పిన ఆ అబద్ధం నన్ను వదల్లేదు.

మీ ఇళ్ళల్లోనూ ఏదో చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్న మనిషి ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం, రాయడం పక్కనబెట్టి ముందు పోయి అడగండి, ఏం వినాలని ఉందో.

మేము అడగలేదు.