బయట కూర్చోబెట్టిన మనిషి

మా ఆఫీసు గోడ మీద ఆయన ఫొటో ఏడాదిపాటు ఉంది. ఎర్ర జెర్సీ, చంకలో గుడ్డు ఆకారపు రగ్బీ బంతి, నోట్లో ముందుపళ్ళు రెండు లేవు. కింద ‘మా అంతర్జాతీయ కోచ్’ అని రాయించారు. తీసేసిన రోజు ఆ మేకు కూడా పీకి, రంధ్రం కనబడకుండా రంగు పూశారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కాల్ సెంటర్‌లో నేను లెక్కల పని చేసేవాణ్ణి. మా అన్న అదే ఆఫీసుకు క్యాబ్ నడిపేవాడు. బ్రిటన్ కస్టమర్లతో ఎలా మాట్లాడాలో మాకు నేర్పమని ఆయన్ను పిలిపించారు. తీరా చూస్తే ఆయనది ఇంగ్లండ్ పక్కనే ఉన్న వేల్స్, ఆ యాస మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. పిలిపించేముందు ఫోన్లోనైనా ఓసారి విన్నారో లేదో ఆ మహానుభావులు. ఒకప్పుడు రగ్బీ ఆడాడని తెలిసి, క్లాసులు మాన్పించి ఆఫీసు రగ్బీ టీమును అప్పగించారు. ఎవరైనా ‘ఇంగ్లండ్ సార్’ అంటే ఆయనకు కోపం వచ్చేది. మాకూ ఆ బాధ తెలుసు. సొంతూరు హిందూపురం పోతే మమ్మల్ని బెంగళూరోళ్ళు అంటారు, బెంగళూరులో తెలుగోళ్ళు అంటారు.

ప్రాక్టీసయ్యాక టీ తాగుతూ తన సంగతులు చెప్పేవాడు. మొదట్లో పగలు ఉక్కు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ఆట. తొంభైల మధ్యలో ఆ ఆటకు జీతాలొచ్చాయి. వాళ్ళ ఊళ్ళో పండగ చేసుకున్నారట. జీతం వచ్చాక దెబ్బ తగిలిందని కూర్చునే వీలు లేకుండా పోయింది. తల అదిరి కళ్ళు బైర్లు కమ్మితే మెడ మీద చన్నీళ్ళ స్పాంజి పిండి మళ్ళీ లోపలికి తోసేవాళ్ళట. మెడ తిరగడం మానేశాక క్లబ్బువాళ్ళు కాంట్రాక్టు ఆపేశారు. ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. జీతమిచ్చి ఆట కొన్నారా, తలకాయ కొన్నారా?

టీము కోసం మా బొమ్మనహళ్ళి కబడ్డీ స్నేహితుల్ని అన్న తీసుకొచ్చాడు. అందరూ క్యాబ్ డ్రైవర్లే. బంతిని వెనక్కే అందించాలన్న రూలు వాళ్ళకు ఎంతకీ ఎక్కలేదు గానీ, పట్టు మాత్రం చెప్పించుకోవలసిన పని లేదు. కాళ్ళు పట్టారంటే ఎంతటివాడైనా కింద పడాల్సిందే. కోచ్ మురిసిపోయేవాడు. కాకపోతే అన్న పేరు మాటిమాటికీ మరిచిపోయి ఇంకెవరి పేరో పెట్టి పిలిచేవాడు, అడిగిందే మళ్ళీ అడిగేవాడు. మన పేర్లు ఆయనకు కష్టమేమో అనుకున్నాం.

ఆఫీసుల మధ్య పెట్టిన టోర్నమెంటు ఫైనల్ బెళ్ళందూరు పక్క ఖాళీ స్థలంలో జరిగింది. అప్పటికి అక్కడ ఇంకా అపార్టుమెంట్లు లేవలేదు. షామియానా కింద విదేశీ క్లయింట్లు, వాళ్ళ పక్కన చేతులు కట్టుకుని మా మేనేజరు. ఆట మధ్యలో ఒక భారీ మనిషిని అన్న కాళ్ళ దగ్గర పట్టాడు. వాడి మోకాలు అన్న కణతకు తగిలింది. అన్న లేచి, దుమ్ము దులుపుకుని, నేరుగా వెళ్ళి అవతలి టీము వరసలో నిలబడ్డాడు. జనం నవ్వారు. కోచ్ నవ్వలేదు. చెయ్యి పట్టి తీసుకొచ్చి గీత బయట కూర్చోబెట్టాడు.

కాసేపటికి మావాళ్ళు స్కోరు చేశారు. అన్న చటుక్కున లేచి లోపలికి నడిచాడు. కబడ్డీలో అంతే మరి. మనవాళ్ళకు పాయింటు వస్తే ఔటై బయట కూర్చున్నవాడు లోపలికి వస్తాడు, ఎవర్నీ అడగనక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ కాళ్ళకు అలవాటైన పని. మిగతావాళ్ళు కూడా చప్పట్లు కొట్టి రమ్మన్నారు.

కోచ్ వద్దని అరిచాడు. మేనేజరు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, “మీ బ్రదర్‌కి ఏం కాలేదు, హి ఈజ్ ఫైన్. క్లయింట్లు చూస్తున్నారు, ఆ కోచ్‌ని ఆపు” అన్నాడు. ఆపాల్సింది ఎవరినట? మనిషి తల కన్నా క్లయింటు కళ్ళు ముఖ్యమైపోయాయి.

కోచ్ ఎవరి మాటా వినలేదు. మైదానంలోకి వచ్చి బంతి చంకన పెట్టుకుని, రెండో చేత్తో అన్నను పట్టుకుని, గీత బయటికి వచ్చి కూర్చున్నాడు. టోర్నమెంటు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బంతే, అదీ ఆయన తెచ్చిందే. మేనేజరు అడిగినా ఇవ్వలేదు, రెఫరీ అడిగినా ఇవ్వలేదు. చివరికి కప్పు అవతలివాళ్ళకు ఇచ్చేశారు.

అన్న మండిపడ్డాడు. “నా కాళ్ళు బాగనే ఉండాయి కదా సార్, ఎందుకు కూచోబెడ్తావు?” అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈరోజు ఏ వారమో అడగమన్నాడు ఆయన. అన్న మంగళవారం అన్నాడు. ఆ రోజు ఆదివారం. ఆస్పత్రిలో డాక్టరు చూసి, ఇంకో దెబ్బ తగిలి ఉంటే ప్రాణం సంగతి తానేమీ చెప్పలేకపోయేవాణ్ణన్నాడు. అన్న కొన్ని వారాలు బండి ముట్టుకోలేదు. తర్వాత బాగయ్యాడు.

ఆఫీసు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. టీమ్ స్పిరిట్ లేదట. ఒక ప్రాణం నిలబెట్టినవాడికి ఆ కారణం చెప్పడానికి నోరెలా వచ్చిందో. వీడ్కోలు లేదు, ఎయిర్‌పోర్టుకు బండి కూడా ఇవ్వలేదు. అన్న ఆ రోజు సెలవు పెట్టి, స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను.

దారిలో ఆయన బయటికి చూస్తూ, మనం ఎక్కడికి వెళ్తున్నామని అడిగాడు. “ఎయిర్‌పోర్ట్ సార్” అన్నాడు అన్న. దొమ్మలూరు దగ్గర మళ్ళీ అదే అడిగాడు. అన్న అద్దంలో ఆయన మొహం చూసి, మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మళ్ళీ అడిగాడు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, అన్న పేరు ఆయనకు ఎందుకు గుర్తుండేది కాదో.

ఆయన్ను లోపలికి పంపించి వచ్చాక అన్న కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

“నన్నయితే ఆయప్ప బయట కూచోబెట్నాడప్పా” అన్నాడు. “ఆయప్పను కూచోబెట్టేవోడు వాళ్ళ ఊర్లో ఒక్కడన్నా లేకపాయనే.”