పిచ్చుక బరువు

“…ఒక్క ముద్ద ఎక్కువ పెడితే నీదేం పోతుందే? ఎదిగే పిల్ల!”

“ఎదుగుతోందనే కదా అత్తయ్యా నా ఏడుపు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?”

అత్తగారు గరిటెను గిన్నెలో పడేసింది. ఇద్దరి మధ్యా పిచ్చుక ఖాళీ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టుకతో వచ్చిన సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్ళు రెండూ బిగుసుకుపోయి, మునివేళ్ళ మీద గెంతుతున్నట్టు నడుస్తుంది. ఆ ముద్దుపేరు అలా వచ్చిందే.

తల్లి బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది. పొద్దస్తమానం పరాయివాళ్ళ చేతులకూ కాళ్ళకూ మైనం పూసి, గుడ్డ పట్టీ అతికించి, లాగడమే పని. పొద్దున్నే ఇంట్లోనూ దాదాపు అదే. పిచ్చుక పిక్కలకు ఊతంగా అతికించిన పాత టేపు తీసి కొత్తది అతికించి, మోకాలి కింద నుంచి పాదం దాకా ఉండే ప్లాస్టిక్ బ్రేసు తొడిగి, పట్టీలు బిగిస్తుంది.

“మెల్లగా లాగవే అమ్మా! నేనేమన్నా పెళ్ళికూతుర్నా?”

“పెళ్ళికూతుళ్ళు నీకంటే ఎక్కువ అరుస్తారు.”

ఈ మధ్య ఆ వేళాకోళాలూ తగ్గాయి. పిల్ల గౌను పొట్టయితే ఏ ఇంట్లోనైనా మురిసిపోతారు. ఈమెకు గుండె జారిపోతుంది. గౌను తర్వాత చాలకుండా పోయేది బ్రేసే. ‘బరువు పెరిగితే ఈ కాళ్ళు మోయలేవు, కాస్త చూసుకోండి’ అని ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు ఎప్పుడో అందరికీ చెప్పినట్టే చెప్పింది. ఈమె ఆ మాట పట్టుకుని కంచం దగ్గర కాపలా కూర్చుంది. లారీ మీద ఊళ్ళు తిరిగే భర్త ఫోన్ చేసి అడిగేది ఒకటే: “నడుస్తోందా?” “ఆఁ, నడుస్తోంది” అని చెప్పడానికే ఆమె బతుకుతున్నట్టుండేది.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో పిచ్చుక కమ్మీ పట్టుకుని నాలుగడుగులు వేసి కూలబడిపోయింది. థెరపిస్టు బ్రేసు విప్పింది. చీలమండ మీద ఎర్రగా కందిన మచ్చ. తర్వాత పిల్ల మణికట్టు పట్టుకుని చూసింది.

“ఏం తింటోందమ్మా ఈ పిల్ల?”

“నాకే ఆకలెయ్యదు మేడమ్,” అంది పిచ్చుక, అమ్మ నోరు తెరిచేలోపే.

తల్లి విప్పిన బ్రేసు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“ఎముక తన దారిన తను పొడుగవుతోంది, పిక్క కండేమో సాగడం లేదు. కడుపు మాడిస్తే అది ఆగదమ్మా, ఉన్న బలం పోతుంది. కొత్త బ్రేసు నిలబడ్డానికి పనికొస్తుందేమో. తిరగడానికి చక్రాల కుర్చీ చూసుకోండని పోయినసారే అన్నాను.”

అనే ఉంటుంది. ఆమెకు ఆ మాట మాత్రం చెవికెక్కలేదు.

బస్సు దిగి పిల్లను ఎత్తుకుంది. ఏడాది కిందటికంటే తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. సందు మలుపులో గోడకు ఆనుకుని ఆగింది.

“బరువున్నానా అమ్మా?”

“లేవు.”

ఇంటికొచ్చి తనే కంచంలో అన్నం కలిపింది. ఒక ముద్ద. ఇంకొకటి. పిచ్చుక భయంభయంగా అమ్మ మొహంలోకి చూస్తూ, నమలకుండానే మింగుతోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఫోన్ మోగింది. తల్లి ఎడమచేత్తో తీసి చెవికి ఆనించుకుంది.

“నడుస్తోందా?”

“చక్రాల కుర్చీ తెస్తున్నానండీ. ఇక నడిపించను.”