ఆధారం టీచర్

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ఆధారం టీచర్. బడిలో కంప్యూటర్ గది ఆవిడదే. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, డస్టర్ పక్కనే ఉన్నా అరచేత్తో బోర్డు తుడుస్తూ, ఎవరేం చెప్పినా "ఎవరన్నారు? ఎప్పుడన్నారు? అంటే వాళ్లకేంటి లాభం?" అంటుంది. కడుపునొప్పని సెలవడిగినవాణ్నీ వదలదు. ఏటా తనే ఒక దొంగవార్త తయారుచేసి, అందులో బొక్కలు పిల్లల చేత పట్టించడం ఆవిడ పద్ధతి. ఈసారి ఉల్లిరసం తాగితే బీపీ మాత్రలు మానేయొచ్చని రాసి, పైన తెల్లకోటు మనిషి ఫోటో అతికించింది. తేదీ లేదనీ, ఆ డాక్టరుకి పేరే లేదనీ పిల్లలు ఇట్టే పట్టేశారు. పొంగిపోయింది. వాళ్లలో ఎవరో అడుగున ఉన్న 'ఇది అబద్ధం' అన్న ముక్క కత్తిరించి, సరదాకి ఫోన్లలో ఊరిమీదికి వదిలారని ఆవిడకి తెలియదు.

ఆదివారం అక్క ఇంటికి వెళితే గుమ్మంలోనే గుప్పున ఉల్లివాసన. అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. బల్లమీద మాత్రల అట్ట విప్పకుండా అలాగే ఉంది. "తల తిరుగుతోందే. ఒంట్లో చెడంతా పోతోంది కాబోలు" అంటూ ఫోను చూపించింది. అందులో తెల్లకోటు మనిషి నవ్వుతున్నాడు. టీచరు గబగబా మాత్రల అట్ట అందుకుంది.

"అక్కా, ఇది నేనే రాశాను, పిల్లల పాఠం కోసం. అంతా అబద్ధం. ముందు మాత్ర వేసుకో."

అక్క మొహం వెలిగింది. "నువ్వు రాశావా! నువ్వు అబద్ధం రాయడమేంటే, చిన్నప్పట్నుంచీ ఎరగనా నిన్ను? ఎవడు రాశాడో తెలీక ఇన్నాళ్లూ సగం గ్లాసే తాగుతున్నా" అంటూ, గోడ పట్టుకుని, వంటింట్లోకి నడిచింది.