ఆరు మూతల బేటరీ

అరవైల చివర సంగతి. నా పాత కారుకి హెడ్‌లైటు బల్బులు కొనబోతే కొట్టువాడు, "ఆరు వోల్టులా బాబూ, పన్నెండా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. రోజూ బేటరీకి ఆరు మూతలు విప్పి నీళ్ళు పోసేవాణ్ణి, నాకే పరీక్షా? "ఆరే. ఇయ్యి," అన్నాను. "ఒకపాలి బండి సూస్తాను బాబూ," అన్నాడు. "అక్కర్నేదు," అని వచ్చేశాను. బల్బులు హోల్డర్లలో చక్కగా కూర్చున్నాయి. పట్టాయంటే సరిపోయినట్టే అనుకున్నాను.

ఆ సాయంత్రమే నౌపడలో చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. వాన ముసిరి అప్పుడే చీకటి పడింది. ఆమెనూ, ఆమె భర్తనూ ఎక్కించుకుని టెక్కలి ఆసుపత్రికి బయల్దేరాను. లైట్లు వేస్తే ఉప్పుమళ్ళ మీద పట్టపగలే. "ఏటి బావా, పెళ్ళికొడుకునాగ ఎలిగిపోతంది నీ బండి!" అన్నాడు బావ. నేను మీసం దువ్వుకున్నాను. మైలు కూడా వెళ్ళలేదు, ఎడమ బల్బు టప్పున ఆరిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. మూతకి రెండు వోల్టులు. ఆరు మూతలంటే పన్నెండు. నేను మూతల లెక్కనే వోల్టులనుకున్నాను. ఆరు వోల్టుల బల్బుకి పన్నెండు ఎక్కిస్తే వెలిగినంతసేపూ వెలిగి మాడిపోదూ! రెండో బల్బూ ఏ క్షణాన్నైనా పోతుంది. సన్నటి గట్టు, రెండు పక్కలా నీళ్ళు.

ఉన్న దీపం కూడా ఆర్పేసి, ముందున్న ఇరుకు కల్వర్టు దగ్గర వెలిగిద్దామని దాచుకున్నాను. బావ దిగి, తెల్ల తువ్వాలు వీపున కప్పుకుని ముందు నడిచాడు. ఆ తెలుపు కనిపించనప్పుడల్లా, తొక్కేశానేమోనని బ్రేకు వేసి కేకలు పెట్టాను. వెనక చెల్లెలు పళ్ళు బిగబట్టి, "నువ్వున్నావు కదన్నియ్యా, నాకు బయం నేదు," అంది. ఆ మాటకి నాకు ఇంకా భయం వేసింది.

కల్వర్టు దగ్గర లైటు వేశాను; దాటుతుండగానే రెండో బల్బూ పోయింది. తారురోడ్డు ఎక్కాక బావ బండిలో కూర్చున్నాడు. ఒక లారీ వెనక ఎర్రదీపాన్ని పట్టుకుని టెక్కలి చేరాం.

బిడ్డ ఏడుపు వినిపించాక బావ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కాళ్ళలో ముళ్ళు తీసుకుంటూ, "ఆ కొట్టోడు దొంగ సరుకిచ్చినాడు. రేపు ఆడి పని సెప్తాను," అన్నాడు.

"ఆడు అడిగినాడు బావా. నేనే ఇన్నేదు," అని మూతల సంగతి చెప్పేశాను. కొడతాడనే అనుకున్నాను.

కాల్లోంచి ఇంకో ముల్లు పీకి పారేశాడు. "నీ సెల్లికి మాత్రం సెప్పకు," అన్నాడు. "మళ్ళీ నీ బండెక్కదు."