ఒక గ్లాసు, రెండు చెంచాలు

నా చిన్నప్పుడు మా బాబాయిని నా పేరున పట్టా రాసిచ్చారనే అనుకునేదాన్ని. భద్రాచలం అడవి అంచున మా ఊరు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లంలో ఆయన గుమాస్తా. పని మీద భద్రాచలం పోయినప్పుడల్లా వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐస్‌క్రీం పెట్టించుకుని బస్సులో తెచ్చేవాడు. అది నాకే. ఇంట్లో ఇంకెవరూ దాని వంక చూసేవారు కారు.

ఆ ఏడు ఆయనకు పెళ్ళయింది. పిన్నిది కాకినాడ. సారెతో పాటు ఇత్తడి కాఫీ ఫిల్టరు ఒకటి తెచ్చుకుంది. అందరం టీ తాగే ఇంట్లో బాబాయి ఒక్కడూ కాఫీకి మారిపోయాడు. ఆ ఫిల్టరును చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె జడ పొడుగు చూసినా మండేది, ఆమె ప్రేమగా పిలిస్తే ఇంకా మండేది. "ఏందే, నీ జాగీరు ఎవరన్న గుంజుకున్నరా?" అని నాయనమ్మ నవ్వేది.

ఒక మధ్యాహ్నం బాబాయి బస్సు దిగి వచ్చి, నా ముందు నుంచే నడిచి పోయి, ఫ్లాస్కు పిన్ని చేతిలో పెట్టాడు. నా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. వంటింటి గోడకు ఆనుకుని మూతి ముడుచుకుని కూర్చున్నాను. పిన్ని స్టీలు గ్లాసులోకి ఐస్‌క్రీం తీసింది. అప్పటికే సగం మెత్తబడింది. దాని మీద పాలూ చక్కెరా లేని వేడి డికాషను పోసేసింది. నాకు దక్కకుండా కావాలనే పాడు చేస్తోందనుకున్నాను.

ఆ గ్లాసుతో వచ్చి నా పక్కనే చతికిలపడి, ఒక చెంచా నా చేతిలో పెట్టి ఇంకొకటి తను పట్టుకుంది. వాళ్ళ నాన్న ఓడలో వంటవాడట. ఇటలీలో ఇట్లాగే తింటారని చెప్పి, ఇంటికొచ్చినప్పుడల్లా ఆమెకూ వాళ్ళ అక్కకూ ఒకే గ్లాసులో చేసి పెట్టేవాడట.

"మా ఇద్దరికీ క్షణం పడేది కాదు. కానీ ఇది కరిగిపోద్ది కదా, వాటాలేసుకునే టైము ఉండేది కాదమ్మా," అంది. వాళ్ళ నాన్న పోయాక మళ్ళీ తినలేదట.

నేను చెంచా ముంచలేదు. ఆమె కూడా ముంచలేదు. నల్లటి కాఫీలో తెల్లటి ముద్ద తగ్గిపోతూ ఉంది. ఆమె తినేస్తే బాగుండు, హాయిగా తిట్టుకుందును. ఆమె మాత్రం నా మొహమే చూస్తోంది. వాళ్ళ నాన్న రుచి కళ్ళముందే కరిగిపోతున్నా ఒక్కతే తినదని అప్పటికి నాకు అర్థమైంది.

"జల్దీ తినుండ్రి, నీళ్ళయితది!" అని నాయనమ్మ లోపలి నుంచి అరిచింది.

గోరంత ముద్ద మిగిలినప్పుడు నేనే చెంచా ముంచి, దాన్ని ఆమె వైపు నెట్టాను. ఆమె మళ్ళీ నా వైపు నెట్టింది. అటూ ఇటూ నెట్టుకుంటుండగానే అది కాస్తా కరిగిపోయింది. చేదో తీపో తెలియని ఆ గోరువెచ్చటి నీళ్ళనే ఇద్దరం చెంచాలతో తాగాం.

అసూయ ఆ రోజుతో పోయిందని చెప్పను. బాబాయికి కొడుకు పుట్టినప్పుడు మళ్ళీ మండింది. మొన్న మొన్న నాకు కోడలు వచ్చి, నా కొడుకు ఆమె వంటను మెచ్చుకున్నప్పుడూ మండింది. అట్లా మండినప్పుడు లేచి ఒక గ్లాసు ఐస్‌క్రీం మీద వేడి డికాషను పోసుకుని, రెండు చెంచాలు పట్టుకుని పోయి కోడలి పక్కన కూర్చుంటాను. ఆమె ముంచేదాకా నేను ముంచను.