ఆ పాట ఎక్కడ ఆగాలి

ఇంట్లో అయినా, బేగంపేటలో నేను పనిచేసే ఆఫీసులో అయినా, టీ మాట వచ్చేసరికి అందరి కళ్ళూ నా మీదికే తిరిగేవి. ఆఫీసులో టీ మెషీన్ మొరాయిస్తే "మేడమ్, ఒకసారి చూస్తారా" అని పిలిచేది నన్నే. పక్క సీట్లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు కాళ్ళు చాపుకుని కూర్చున్నా సరే. అలాంటి నేను ఒక్కసారి కూడా టీ పెట్టని ఇల్లు ఈ జంటనగరాల్లో ఒకటుండేది. అది బొల్లారంలో మాస్టారిల్లు.

మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవారు. శనివారం సాయంత్రం ఆయన భార్య క్వయర్ ప్రాక్టీసుకి బయల్దేరగానే ముందుగది మాదయిపోయేది. మాదంటే మాస్టారు, నేను, మా మరిది. ఊళ్ళో ప్రతి గోడమీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే రోజులవి. మా మరిది అప్పటికే అవన్నీ దాటి సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరిపోయాడు. నన్ను మొదట అక్కడికి తీసుకెళ్ళినవాడూ, ఎందుకు తీసుకెళ్ళానా అని తర్వాత ఏడ్చినవాడూ వాడే. మావారికి గిటారు మోత వింటే తలనొప్పి. ఆయన ఇంట్లో హాయిగా నిద్రపోయేవారు.

అక్కడ ఒక పద్ధతుండేది. ఒక రాక్ ఆల్బమ్ క్యాసెట్ పెట్టాలి. రెండు వైపులా అయిపోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అయ్యాక ఎంతైనా కొట్టుకోవచ్చు. ఎవరి వాదన కూలితే వాళ్ళు లేచి వెళ్ళి టీ పెట్టాలి. నేను కూలేదాన్ని కాదు. ప్రతిసారీ నా మాటే సరైనదని కాదు. ఓడిన మగవాడు టీ పెడితే అది పందెం, ఓడిన ఆడది పెడితే వచ్చే వారానికల్లా అలవాటు. ఒక్కసారి ఆ స్టవ్ వెలిగించానా, అది జన్మంతా నాదే. అందుకని ఏ డ్రమ్మరు ఏ ఆల్బమ్ తర్వాత బ్యాండు వదిలేశాడో, ఎవరు ఎవరితో ఎందుకు తగువుపడ్డారో, పరీక్షలకి చదివినట్టు చదువుకుని వెళ్ళేదాన్ని.

మా తగువులన్నిటికీ తల్లిలాంటి తగువు ఒకటుంది. నేను దేవుడనుకునే ఒక గిటారిస్టు తన మూడో ఆల్బమ్‌ని ఒక పొడుగాటి పాటతో ముగించాడు. పాట మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. గిటారు ఇక కిందికి దిగబోతుంది అనుకున్న చోట, పాడుతున్న మాట నోట్లో ఉండగానే, అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. తర్వాత ఏమీ ఉండదు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అంత ధైర్యం ఇంకెవడికుందని నా వాదన. పొగరు తప్ప ఇంకేం కాదని మాస్టారి వాదన.

"పాటకి ఆమేన్ ఉండాలె సిస్టర్. గిది ఆగింది, అయిపోలే. ఆగుడు వేరు, అయిపోవుడు వేరు."

"మీకు లెక్క తేలి, కింద రెండు గీతలు పడాలి మాస్టారూ. అన్నీ అలా తేలవు."

ఇది ఏళ్ళ తరబడి నడిచింది. ఎవరూ కూలలేదు కాబట్టి ఆ పాట పెట్టిన రోజున పాపం మా మరిదే వెళ్ళి టీ పెట్టేవాడు.

కంపెనీ పనిమీద సింగపూర్ వెళ్ళిన మా మరిది, తిరిగొస్తూ అదే ఆల్బమ్ సీడీ తెచ్చాడు. మ్యూజిక్ కంపెనీ వేసిన అసలు సీడీ, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పనిది. శనివారం ముగ్గురం దాని ముందు పూజకి కూర్చున్నట్టు కూర్చున్నాం. చివరి పాట వచ్చింది. పైకెక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను.

పాట ఆగలేదు.

మాట పూర్తయింది. గిటారు బుద్ధిగా కిందికి దిగింది. మొదటి చరణం మళ్ళీ వచ్చింది, తర్వాత తంబురిన్ లాంటిదేదో గలగలలాడింది, దూరంగా వెళ్ళిపోతున్న పెళ్ళి ఊరేగింపులా అంతా మెల్లగా సన్నగిల్లిపోయింది. కళ్ళు తెరిస్తే మా మరిది నా వంకే చూస్తున్నాడు.

అసలు సంగతి అప్పుడు అర్థమైంది. మాస్టారి దగ్గరున్నదీ, నా దగ్గరున్నదీ, మోండా మార్కెట్ దగ్గర ఒకే షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి రికార్డు చేయించుకున్నవి. టేపు చాలదని షాపాయన రెండిటిలోనూ అక్కడే ఆపేశాడు. మధ్యలో మూగబోయే పాటలు నా క్యాసెట్లలో ఇంకా చాలానే ఉన్నాయి, వాటికి మాత్రం టేపు అయిపోయిందని నాకు తెలుసు. ఇది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది కాబట్టి అనుమానమే రాలేదు.

నా కళ్ళ ముందు ఆ స్టవ్ వెలిగిపోయింది.

మాస్టారు క్యాసెట్ పెట్టి, తెగిన ముగింపు ఒకసారి విన్నారు. మళ్ళీ సీడీ పెట్టి ఆఖరి వరకూ విన్నారు. ఆయన కోరుకున్న ఆమేన్ అందులో నిండుగా ఉంది. అయినా మొహంలో వెలుగు లేదు.

"గింత చప్పగ అయిపోతదా," అన్నారు చివరికి. "కట్ చేసిందే మంచిగున్నది సిస్టర్. నువ్వే గెలిచినవ్." టీ పెట్టడానికి లేచారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మూసుకునే నోరైతే ఇన్ని ఇళ్ళల్లో చెడ్డపేరెందుకు?

"ఎలా గెలుస్తాను?" అన్నాను. "నేను పొగిడింది ఆ గిటారిస్టు ధైర్యాన్ని. ఆ ధైర్యం అతనిది కాదు, షాపాయన దగ్గర చాలని టేపుది. అతను మీరు చెప్పినట్టే ఆమేన్ పెట్టాడు, అతనూ మీరూ ఒకే జట్టు. నా వాదనకి కాళ్ళే లేవు."

మాస్టారు ఒప్పుకోలేదు. ఏ పాపం తెలియని మనిషిని ఇన్నేళ్ళు పొగరుబోతని తిట్టానని, పొరపాటున పొగడ్డం కంటే పొరపాటున తిట్టడం పెద్ద తప్పని, కాబట్టి ఓడింది తానేనని ఆయన పట్టు. తప్పు వేరు, ఓటమి వేరు, లెక్కల మాస్టారు రెండిటినీ కలిపేస్తే ఎలా అని నేను. ఇంత చక్కగా ఓడిపోయిన నన్ను దయతలచి గెలిపిస్తానంటే నాకు మండదూ? మాటకి మాట తగిలించుకుంటూ ఆయన వెనకాలే వంటింటి గడప దాకా వెళ్ళాను.

ఆయన గిన్నె చేత్తో పట్టుకుని వింటూ నిలబడ్డారు.

"సరే, ఒప్పుకున్న. నువ్వే ఓడినవ్." గిన్నె నా చేతికిచ్చారు.

ముందుగదిలో మా మరిది సోఫాలో దొర్లి దొర్లి నవ్వడం వినిపిస్తూనే ఉంది. "వదినా, నాకు చక్కెర తక్కువ," అని కేక కూడా వేశాడు.

స్టవ్ వెలిగించాను. అల్లం దండిగా దంచి వేశాను, గొంతు మండి ముగ్గురం కాసేపు మాట్లాడకుండా ఉంటామని. వచ్చే శనివారం గిన్నె నా వైపు చూస్తుందేమోనన్న భయం మాత్రం పోలేదు. ఆ శనివారం ఒక డ్రమ్మరు గురించి మా మరిది నోరు జారాడు. ఆల్బమ్ రెండో వైపు అయిన ఐదు నిమిషాలకే వాణ్ణి వంటింట్లోకి పంపించాను.