వేపమండ పంతులు

బడికి రాని పిల్లల్ని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చే పంతుళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వచ్చిన పిల్లల్ని వచ్చినట్టే వెనక్కి తరిమే పంతులు మాత్రం మా సీతారాములు పంతులు ఒక్కడే. బస్తరు సంస్థానంలో, తర్లగూడకు ఒక పొద్దు నడకలో ఉన్న మా ఊరికి ఆయన సర్కారు బడి నడపడానికి వచ్చాడు. సర్కారు వాళ్ళకు ఆయన గురూజీ, మాకు పంతులు. ఆయన నోట మేము అన్నిటికన్నా ఎక్కువగా విన్న పాఠం ఒక్కటే: "పో ఇంటికి!"

మా ఇల్లు బడికి ఎదురుగానే ఉండేది. మా తడక సందులోంచి చూస్తే బడి వాకిలి మొత్తం కనబడేది. పొద్దున్నే పంతులు అక్కడ ఒక చెట్టు మొద్దు మీద కూర్చునేవాడు. చేతిలో తన కన్నా పొడుగైన వెదురు పుల్ల. కొట్టడానికి కాదు. దూరం నుంచే ఆ పుల్లతో పిల్లల గడ్డాలు ఎత్తేవాడు, జుట్టు పక్కకు తోసి చెవుల వెనక చూసేవాడు.

"నాలుక. కండ్లు. వేళ్ళ సందులు. దురద ఉందా?"

"లేదు పంతులూ."

"మరి గోకుతున్నవేంది?"

"దోమ కుట్టింది."

"దోమ వేళ్ళ సందుల్ల ఇల్లు కట్టుకుందారా? పో ఇంటికి! కానుగ నూనె రాసుకో!"

నీళ్ళ దగ్గర ఇంకా గట్టిగా ఉండేవాడు. మా వైపు ఒకే సొరకాయ బుర్ర అందరి నోళ్ళూ తిరుగుతుంది. బడిలో అలా కుదరదన్నాడు. ఎవరికి వాళ్ళు మోదుగాకు దొన్నె కుట్టుకోవాలి, తాగాక పొయ్యిలో వెయ్యాలి. ఎక్కాలు రాకపోయినా ఊరుకునేవాడు గానీ, దొన్నె కారితే ఊరుకునేవాడు కాదు. మా ఊరి పిల్లలకు అక్షరాల కంటే ముందు దొన్నెలే వచ్చాయి.

పంతులు వచ్చిన కొత్తలో మంగ్లూ తాత తాను సగం కాల్చిన చుట్ట ఆయన ముందుకు చాచాడు. తాత నోట్లోని చుట్ట ఇచ్చాడంటే ఇంటి మనిషిగా చేర్చుకున్నట్టు. పంతులు చుట్ట వైపు చూశాడు, తాత వైపు చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

తాత ముఖం మాడిపోయింది. "నా నోరు అంత చేదా?"

"నీ నోరు తేనె తాతా. నా నోరే మంచిది కాదు. అందులో ఏ జబ్బుందో నాకే ఎరుక లేదు. నా నుంచి నీకు అంటితే ఈ ఊరికి పెద్ద ఎవరు?"

తాత చుట్టను మళ్ళీ నోట్లో పెట్టుకుని, "మంచోడే, నోరే పాపం" అని అందరికీ చెప్పుకు తిరిగాడు.

పంతులును తప్పు పట్టడానికి లేదు. ఆయన రాకముందటి ఏడు ఒక పిల్లవాడు తట్టు పోసిన ఒంటితోనే బడికి వచ్చాడు. కొద్ది రోజుల్లోనే పలకలు పట్టవలసిన వాళ్ళంతా చాపలు పట్టారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, బడికి పోతే జబ్బు వస్తుందన్న మాట ఊళ్ళో పాతుకుపోయింది. "పిల్లలకు వచ్చిన జబ్బు తగ్గుతది. ఊరికి బడి మీద భయం వస్తే అది తగ్గదు" అనేవాడు పంతులు.

తన విషయంలోనూ మినహాయింపు లేదు. ఒకనాడు మొద్దు మీద కూర్చోబోతూ ఖళ్ళుమని దగ్గాడు. పిల్లలంతా ఆశగా చూశారు. పంతులు లేచి నిలబడి, "సీతారామా, పో ఇంటికి!" అని తననే గద్దించుకున్నాడు. పిల్లలు కేరింతలు కొట్టేలోపే తడక బయటికి వెళ్ళి, బాటలో నిలబడి, పొద్దు గూకేదాకా అక్కడి నుంచే పాఠం చెప్పాడు. బాట వెంట పోయే ఎడ్లు కూడా ఆగి విన్నాయి.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఊళ్ళోకి గవదబిళ్ళలు వచ్చాయి. ముందు మంగ్లూ తాత మనవడు లక్మాకు, తర్వాత మా తమ్ముడు ముత్తడికి, ఆ తర్వాత వరసగా చాలామందికి. మా వైపు ఇంట్లో అమ్మవారు, మా మాటలో తల్లి, పోస్తే వాకిలికి వేపమండ కడతారు. ఆ మండ చూస్తే పరాయివాళ్ళు లోపల అడుగు పెట్టరు. పంతులు ఆ ఆచారాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తాను వెనక్కి పంపిన ప్రతి పిల్లవాడి తడకకూ వేపమండ కట్టాడు. గజ్జికీ అదే, దగ్గుకూ అదే.

మా అమ్మ నాగేశ్వరమ్మ లబలబలాడింది. "తల్లి రాని ఇంటికి మండ కడితే తల్లికి కోపం రాదా?"

"కోపమెందుకు? ఈ ఇల్లు చూసే పోయిన అనుకొని ముందుకు సాగిపోతది."

అమ్మకు ఆ లెక్క నచ్చింది.

ఇంటికి పంపితే చదువు తప్పిందని మురిసిన పిల్లలకు సాయంత్రం తెలిసేది అసలు సంగతి. బడి వదలగానే పంతులు మండ కట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి, తడక బయట నిలబడి, ఆనాటి పాఠం అరిచి చెప్పేవాడు. బుగ్గలు వాచిన వాడు అరుగు మీద నుంచి అప్పజెప్పాలి. "వాచింది బుగ్గ గదా, బుర్ర కాదు గదా!" అనేవాడు. ఆ అరుపులకు పక్క ఇళ్ళ వాళ్ళకు కూడా చదువు అంటుకుంది. మంగ్లూ తాతకు రెండో ఎక్కం వచ్చేసింది.

నన్ను రెండో తరగతిలోనే బడి మాన్పించారు. పువ్వు ఏరాలి, వడ్లు దంచాలి, అమ్మ చేనుకు పోతే ఇల్లు చూడాలి. పంతులు ముత్తడి కోసం అరిచే వేళకు నేను గోడ చాటున రోకలి ఆపి వినేదాన్ని. తిరిగి దంచినప్పుడు ఆయన కొంచెం గొంతు పెంచేవాడు.

ముత్తడికి తగ్గింది. బడికి పోయాడు. తడక మీద మండ మాత్రం పోలేదు.

"పంతులూ, నాకు తగ్గింది గదా!"

"పైకి తగ్గింది. లోపల వేరున్నది."

"మరి బడికెట్ల రానిస్తున్నవ్?"

"అది పగలు అంటదు. పొద్దు వాలినంక అంటది."

ముత్తడు తల గోక్కుని వాగు వైపు ఆటకు పోయేవాడు. పంతులు ఎవరూ లేని మా వాకిలి ముందు నిలబడి, "ముత్తా! మూడు రెండ్లు?" అని అరిచేవాడు. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. రోకలి ఆరు దెబ్బలు వేసేదాన్ని.

"శభాష్ ముత్తా!"

అలాంటప్పుడు జగదల్‌పూర్ నుంచి బడి తనిఖీకి డిప్టీ సాబు వస్తున్నాడని కబురు వచ్చింది. పిల్లలు చాలకపోతే మా బడిని ఎత్తేసి భోపాలపట్నం బడిలో కలిపేస్తారట. భోపాలపట్నం మా పిల్లలు నడిచిపోయే దూరం కాదు. ఊరి పెద్దలు పంతులు మీద పడ్డారు.

"ఆ ఒక్క పూట అందర్నీ కూర్చోబెట్టు పంతులూ. బుగ్గ వాచిందా లేదా అని సాబు పుణికి చూస్తడా?"

"కూర్చుంటరు. తర్వాత ఉన్న బుగ్గలన్నీ వాస్తయి. బడిని నిలబెట్టేందుకు పిల్లల్ని పడుకోబెట్టమంటరా?"

డిప్టీ సాబు తెల్ల టోపీతో, ఎర్రటి కళ్ళతో వచ్చాడు. బండి తోలిన సుక్కా ఊరి మొదట్లోనే వరసగా వేపమండలు చూసి, ఊరంతా తల్లి వచ్చిందని హడలి, ఎడ్లను ఊరి బయటే ఆపేశాడు. సాబు దుమ్ములో నడిచి, కళ్ళు నలుపుకుంటూ బడి వాకిట్లోకి రాబోయాడు. వెదురు పుల్ల అడ్డంగా లేచింది.

"నమస్తే సాబ్. కండ్లకలక. లోపలికి రావద్దు."

"క్యా? నేను తనిఖీకి వచ్చాను!"

"బయట నుంచి చేయండి సాబ్. బాగా కనబడతది."

సాబు తడక మీదుగా చూశాడు. లోపల గుప్పెడు మంది. మా ముత్తడు తన పేరు ముత్తయ్య అని చెప్పి, గొంతు చించుకుని పాఠం చదివాడు. సాబు పెదవి విరిచాడు.

"ఈ కాస్త మందికి బడి ఎందుకు గురూజీ? ఎత్తేద్దాం."

పంతులు ముఖం మొదటిసారి పాలిపోయింది. అయినా పుల్ల దించి, "మిగతా బడి ఊళ్ళో ఉన్నది సాబ్. అది కూడా చూసి చెప్పండి" అన్నాడు.

పుల్ల పొడుగంత దూరం పాటిస్తూ ఇద్దరూ బయలుదేరారు. లక్మా తడక ముందు పంతులు, "రెండు ఏడ్లు?" అని అరిచాడు. లక్మా నోరు తెరిచేలోపే లోపలి నుంచి మంగ్లూ తాత, "పద్నాలుగు! వాణ్ణి కాదు, నన్నడుగు!" అన్నాడు. మండ కనబడ్డ ప్రతి ఇంటి నుంచీ జవాబు వచ్చింది. చివరికి మా తడక దగ్గరికి వచ్చారు.

"ముత్తా! నాలుగు రెండ్లు?"

ఎనిమిది దెబ్బలు పడ్డాయి.

"ఇదేం జవాబు?" అన్నాడు సాబు. "నేను అడుగుతాను. ఇంద్రావతి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది?"

నది సంగతి రోకలికి ఏం తెలుసు? నేను రోకలిని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"కలహండి కొండల్లో పుట్టింది. మన భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తది."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ముత్తయ్య బడిలో ఉన్నాడు కదా. ఇదెవరు?"

"వాని అక్క సాబ్."

"బడికి వచ్చిన వాడికి ఇంటి దగ్గర మళ్ళీ పాఠం ఎందుకు?"

పంతులు వెదురు పుల్ల చివర చూసుకున్నాడు. "వానికి లోపల వేరున్నది సాబ్."

డిప్టీ సాబు మా తడక వైపు, పచ్చటి మండ వైపు చూశాడు. తర్వాత టోపీ ఊడేలా నవ్వాడు. నవ్వి నవ్వి నీళ్ళు కారుతుంటే కళ్ళ మీదికి చెయ్యి ఎత్తాడు.

"కండ్లు రుద్దొద్దు!"

సాబు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బడి ఇక్కడే ఉంటుంది గురూజీ. మరి నేను?"

"పో..." అని పంతులు నాలుక కరుచుకున్నాడు. "బసకు దయచేయండి సాబ్."

సాబు బస వాకిలికి కూడా వేపమండ కట్టాకే పంతులు భోంచేశాడు.

మర్నాటి సాయంత్రం పంతులు తలవంచుకుని వచ్చి మా తడక మీది మండ విప్పసాగాడు. ముందు రోజు పువ్వు గంపతో తిరిగొస్తూ పెరటి దారిలోనే నిలబడి అంతా విన్న మా అమ్మ, ఇప్పుడు బయటికి వచ్చింది.

"ఎందుకు విప్పుతున్నవ్ పంతులూ?"

"పిల్లగానికి తగ్గింది గదా నాగేశ్వరమ్మా."

"ఏడ తగ్గింది? లోపల వేరున్నదని నువ్వే అంటివి. అది ఎండింది, పచ్చిది కట్టు."

"అమ్మా, నాకేం లేదే!" అని ముత్తడు మొత్తుకున్నాడు.

"నీకేం ఎరుకరా? పో ఆటకు!"

అమ్మ లోపలికి వచ్చి నా చేతిలోంచి రోకలి లాక్కుంది. "ఇగ నోటితో చెప్పు. నీ ఎక్కాలకు నా రోలు పగిలేటట్టున్నది."